డి లో వేశాక మూడు సెకన్లు

చందానగర్,
22 ఆగస్టు 2011

రామాంజనేయులు అన్నకు,

వీరేశం నమస్కారాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం.

ఉత్తరం ఎందుకా అనుకుంటావేమో. నువ్వు షెడ్డు వదిలి తాడిపత్రి వెళ్ళి పద్దెనిమిది నెలలైంది. ఈ పద్దెనిమిది నెలల్లో పదకొండు సార్లు ఫోన్ చేశాను. పదకొండు సార్లూ వదినే ఎత్తింది. "ఆయప్ప ఫ్యాక్టరీకి పోయినాడు వీరేశం, వచ్చినాక చెప్తాలే" అంటుంది. ఒకసారి ఆదివారం చేశాను. ఆదివారం కూడా ఫ్యాక్టరీకే పోయావట. వెనకాల మీ ఇంటి టీవీ వీధి చివరిదాకా వినపడేలా మోగుతోంది. మాట్లాడటం ఇష్టం లేని మనిషికి ఉత్తరం రాస్తే కనీసం మధ్యలో పెట్టేయలేడు కదా అని రాస్తున్నాను. ఎదురుగా ఉంటే నాలుగు తిట్లు వచ్చేవి. కాగితం మీద మాత్రం చిన్నప్పటి తెలుగు సారు గుర్తొచ్చి మర్యాద దానంతటదే వస్తోంది.

నిన్ను నేనే వెళ్ళగొట్టానని చందానగర్‌లో చాలామంది నమ్ముతున్నారు. పంతొమ్మిదేళ్ళు ఒకే షెడ్డులో పనిచేసిన అనంతపురం మనిషి, తెలంగాణ ఉద్యమం ముదిరిన నెలలోనే పానాల పెట్టె నాకు వదిలేసి వెళ్ళిపోతే ఇంకేమనుకుంటారు? మీ సీమ కస్టమర్లు రావడం మానేశారు. మావాళ్ళు ఇద్దరు వచ్చి నన్ను అభినందించారు. వాళ్ళను తిట్టి పంపాను. ఎందుకు తిట్టానో వాళ్ళకు అర్థం కాలేదు.

ఇక అసలు పని. మణికొండ హరిత మేడం గుర్తుందా? హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నం, వెండి రంగు ఆటోమేటిక్ కారు, 4417 నంబరు. ఆ కారుకు గేర్‌బాక్స్ ఆయిల్, ఫిల్టరు నువ్వే మార్చావట, వెళ్ళేముందు. ఆ వారం నేను మేనకోడలి పెళ్ళికి జహీరాబాద్‌లో ఉన్నాను, నాకు తెలియదు.

ఇప్పుడు ఆ బండి లివరును డి లో, అదే ముందుకు పోయే గేరులో, వేస్తే కదలదు. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాక వెనకనుంచి ఎవరో తన్నినట్టు దూకుతుంది. రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు ఇంజను ఒక్కసారి పైకి అరుస్తుంది, ఆ తర్వాత జెర్క్ ఇచ్చి పడుతుంది. సన్నటి కూత కూడా ఒకటి ఉంది, కుక్కర్ ఈల వేయబోయే ముందు ఆవిరి పోయినట్టు. పెద్ద సర్వీస్ సెంటర్ వాళ్ళు గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నారు. మేడం నా దగ్గరికి వచ్చి "రామాంజనేయులు గారు ఉంటే చెవి పెట్టి విని చెప్పేసేవారండి" అంది. అంటే నేను చెప్పలేనని. నిజంగానే చెప్పలేకపోయాను.

ఏం చేయమంటావు?

నీ తమ్ముడు
వీరేశం

*

తాడిపత్రి,
29 ఆగస్టు 2011

వీరేశానికి,

నీ ఉత్తరం అందింది. మేము క్షేమం. మా బావమరిది బండల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. రాళ్ళు కోసే మిషన్లు పొద్దున ఆరింటికి మొదలై రాత్రిదాకా తిరుగుతూనే ఉంటాయి. ఇక్కడ అందరూ అరిచి సైగలతోనే మాట్లాడుకుంటారు. పని బాగుంది.

ఎవరు ఏమనుకున్నా అనుకోనీ.

బండి సంగతి. గేర్‌బాక్స్ మార్చాలని చూడకుండా చెప్పేవాళ్ళ మాట వినొద్దు. ముందు ఆయిల్ లెవెల్ చూడు. నువ్వు ఇంజను ఆపి చూసి ఉంటావు. అట్లా చూస్తే తప్పు చూపిస్తుంది. బండిని ఇరవై నిమిషాలు తిప్పు. చదునైన చోట ఆపు. ఇంజను నడుస్తుండగానే బ్రేకు తొక్కి, లివరును అన్ని గేర్లలోకీ ఒక్కోసారి తెచ్చి, మళ్ళీ పి లో, పార్కింగ్‌లో పెట్టు. అప్పుడు ఆయిల్ కొలిచే కడ్డీ తీసి తెల్లగుడ్డ మీద తుడువు. రంగు రాయి. వాసన చూడు, మాడిన వాసన ఉందేమో. రెండు వేళ్ళ మధ్య రుద్ది గరుకు తగులుతుందేమో చూడు.

తర్వాత గడియారం పట్టుకుని డి లో ఎంత ఆలస్యమో, రివర్స్‌లో ఎంత ఆలస్యమో విడివిడిగా రాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి. క్లచ్ ప్లేట్లు కాలిపోయి ఉంటే మామూలుగా ఏదో ఒక గేరుకే వస్తుంది జబ్బు. రెండింటికీ సమానంగా ఉంటే జబ్బు వేరే చోట ఉంది.

ఇవి రాసి పంపు.

రామాంజనేయులు

*

చందానగర్,
7 సెప్టెంబర్ 2011

అన్నకు,

అవును, ఇంజను ఆపే చూశాను. రెండు వందల మైళ్ళ దూరం నుంచి నా తప్పు పట్టుకున్నందుకు సంతోషించు.

నువ్వు చెప్పినట్టే చేశాను. లెవెల్ సరిగ్గానే ఉంది. రంగు లేత గోధుమ, మాడిన వాసన లేదు, వేళ్ళకు గరుకు లేదు. కానీ కడ్డీ మీద ఆయిల్‌లో సన్నటి బుడగలు ఉన్నాయి, సబ్బు నురగ లాగా. చల్లటి బండిలో డి కి మూడు సెకన్లు, రివర్స్‌కీ మూడే. వేడెక్కాక రెండింటికీ రెండు సెకన్లకు దిగింది. కొండాపూర్‌లో స్కానర్ పెట్టించాను, ఏ తప్పూ చూపించలేదు. కంప్యూటర్ లెక్కన బండికి ఏ జబ్బూ లేదు, మేడంకే ఉంది.

నాకొకటి అర్థం కావడం లేదు. కూత వస్తోందని రాశాను కదా. నీ ఉత్తరంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. మన షెడ్డుకు బండి వస్తే నువ్వు కస్టమర్ పేరు అడిగే ముందు సౌండు అడిగేవాడివి. ఒక పని చేద్దాం. వచ్చే ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చేస్తాను, వదినను నీ చేతికి ఇమ్మను. బానెట్ ఎత్తి ఫోన్ గేర్‌బాక్స్ దగ్గర పెడతాను. నాతో మాట్లాడకు, బండి మాట విను. నువ్వు నా మీద కోపంగా ఉన్నా బండి మీద లేవు కదా.

షెడ్డు బోర్డు సంగతి కూడా చెప్పాలి. నీ పేరు తీసేసి "జై తెలంగాణ ఆటో వర్క్స్" అని రాయిస్తామని కాలనీ పిల్లలు రంగు డబ్బాలు పట్టుకుని వచ్చారు. "జై తెలంగాణ రాయుండ్రి, నేను గుడ అంటున్న జై తెలంగాణ. కానీ పేరు ముట్టొద్దు" అన్నాను. కాసేపు వాదించుకుని చివరికి పైన రాసి పోయారు. ఇప్పుడు బోర్డు మీద "జై తెలంగాణ రామాంజనేయులు ఆటో వర్క్స్" అని ఉంది. చదివిన వాళ్ళు నువ్వెవరో పెద్ద నాయకుడివని అనుకుంటున్నారు.

వీరేశం

*

తాడిపత్రి,
13 సెప్టెంబర్ 2011

వీరేశానికి,

ఆదివారం నేను ఊళ్ళో లేను. ఇక్కడ సిగ్నల్ కూడా సరిగా ఉండదు. ఫోన్‌లో వినే సౌండు నమ్మడానికి లేదు. ఫోన్ చేయొద్దు.

ఇంజను మౌంటింగులు చూడు. ఒకరు గట్టిగా బ్రేకు తొక్కి డి కి, రివర్స్‌కి మారుస్తుంటే ఇంజను ఎంత ఊగుతోందో పక్కన నిలబడి చూడు. యాక్సిలరేటర్ కేబుల్ వదులుగా ఉందేమో చూడు. గేర్లు మార్చే సోలినాయిడ్లకు మీటర్ పెట్టి చూడు. వైర్ల సాకెట్‌లో ఆయిల్ చేరిందేమో చూడు.

గేర్‌బాక్స్ కింద ఉండే ఆయిల్ చాంబర్ విప్పొద్దు. ఇప్పుడే దాని అవసరం లేదు.

బోర్డు మీద నా పేరు తీసేయించు. ఉండాల్సిన పని లేదు.

రామాంజనేయులు

*

చందానగర్,
27 సెప్టెంబర్ 2011

అన్నకు,

నువ్వు చెప్పినవన్నీ చూశాను. మౌంటింగులు గట్టిగా ఉన్నాయి. కేబుల్ సరిగ్గా ఉంది. సోలినాయిడ్లు బాగున్నాయి. సాకెట్ పొడిగా ఉంది. ఇవన్నీ చూడటానికి తొమ్మిది రోజులు పట్టింది, ఎందుకంటే తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు లేవు, ఆఫీసులు లేవు, బళ్ళు లేవు. నేను మధ్యాహ్నం దాకా దీక్షా శిబిరంలో కూర్చుని, తర్వాత షెడ్డు సగం షట్టర్ ఎత్తి పని చేస్తున్నాను. మధ్యలో మేడం బండి తీసుకెళ్ళింది. బస్సులు లేక ఆఫీసుకు పోలేని ముగ్గురు అమ్మాయిలను తనే ఎక్కించుకుని తిప్పుతోంది. "జాగ్రత్తగా నడుపుతానండి, అలవాటైపోయింది" అంది. ఇచ్చాను. ఇవ్వకూడదని అప్పుడు తోచలేదు.

గురువారం సాయంత్రం ఆఫీసు పక్క సందులో బండి రివర్స్ తీసి డి లో వేసింది. కదల్లేదు. వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. కాస్త గట్టిగా నొక్కింది. బండి ఒక్కసారిగా దూకింది. ఎదురుగా మక్కబుట్టలు, మీరు మొక్కజొన్న పొత్తులు అంటారే అవి, కాల్చే యాదమ్మ తోపుడు బండి ఉంది. తోపుడు బండి తిరగబడింది. యాదమ్మ కుడి మణికట్టు విరిగింది. నిప్పులు పక్కకు పడ్డాయి కాబట్టి సరిపోయింది.

నాకు ఫోన్ వస్తే దవాఖానకు పోయాను. యాదమ్మ కట్టుతో కూర్చుని ఉంది. మేడం పక్కన నిలబడి ఏడుస్తోంది. యాదమ్మే ఆమెను ఊరుకోబెడుతోంది.

"పరేషాన్ కాకు బిడ్డా. బండి దునికింది, నువ్వు దునికియ్యలే."

"లేదండి, తప్పు నాదే. యాక్సిలరేటర్ నొక్కింది నేనే కదండి."

పోలీసాయన వస్తే ఆయనకూ అదే చెప్పింది. నా తప్పే అని రాసిచ్చింది. యాదమ్మ తోపుడు బండిని బాగు చేయించింది. కారు తాళం నా చేతిలో పెట్టి, "ఎవరైనా కొంటారేమో చూడండి. నాలాంటి దానికి కారు వద్దని మావాళ్ళు మొదట్నుంచీ అంటూనే ఉన్నారు, నేనే వినలేదు" అంది. మర్నాటి నుంచి ఆఫీసుకు పోవడం లేదట. బస్సులు లేవు, ఆటోలు దొరికితే మణికొండ నుంచి నోటికొచ్చినంత అడుగుతున్నారు, ఆమె దూరం నడవలేదు.

బండి షెడ్డులో ఉంది. చాంబర్ విప్పొద్దన్నావు కాబట్టి విప్పలేదు. ఎందుకు విప్పొద్దన్నావో చెప్పు. లేకపోతే విప్పుతాను.

వీరేశం

*

తాడిపత్రి,
3 అక్టోబర్ 2011

తమ్ముడు వీరేశానికి,

చాంబర్ విప్పు. ఫిల్టరు దింపు. ఫిల్టరు గొట్టం దూరే రంధ్రం ఉంటుంది, అందులోకి టార్చి వేసి చూడు. పైన రబ్బరు రింగు ఒకటి అతుక్కుని ఉంటుంది. అది పాతది. దాని కింద కొత్తది ఉంటుంది, ఒక పక్క నలిగి ఉంటుంది. పాత రింగు తీయకుండా కొత్తది ఎక్కించింది నేను. ఆ సందులోంచి పంపు ఆయిల్‌తో పాటు గాలి లాగుతోంది. అందుకే బుడగలు, అందుకే ఆలస్యం, అందుకే కూత. మొదట్లో సందు కొంచెమే ఉండి ఉంటుంది. వేడికి రబ్బరు గట్టిపడి ఇప్పుడు పెద్దదయింది. గేర్‌బాక్స్‌కు ఇంకే జబ్బూ లేదు. రెండు రింగులూ పీకేసి, ఒక్క కొత్త రింగు వేసి, కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్ పెట్టు.

నీ మొదటి ఉత్తరంలో 4417 అని చదివినప్పుడే అనుమానం వచ్చింది. బుడగలు అని రాసినప్పుడు తెలిసిపోయింది. తెలిసే నిన్ను మౌంటింగుల చుట్టూ, వైర్ల చుట్టూ తిప్పాను. ఏదో ఒకటి ఇంకొకటి దొరుకుతుందేమోనని ఆశ. ఆ పది రోజులు తిప్పకపోయి ఉంటే యాదమ్మ చెయ్యి బాగుండేది.

మిగతాది కూడా రాస్తాను. మీ వదిన లక్ష్మీదేవి పక్కన కూర్చుని, రాసేదాకా అన్నం పెట్టనంటోంది.

నాకు చెవులు పోయాయి వీరేశం. ఎడమది అయిదేళ్ళ కిందటే పోయింది. నీకు తెలియకుండా కుడి వైపు తిరిగి నెట్టుకొచ్చాను. కుడిది ఆ చలికాలంలో మొదలైంది. మనుషుల మాటలు గొంగళి కప్పి మాట్లాడినట్టు వచ్చేవి. సన్నటి సౌండ్లు ముందే పోయాయి. ఇంజను మీద స్క్రూడ్రైవర్ ఆనించి దాని పిడి దవడకు పెట్టుకుని అదురు చూసి చెప్పేవాణ్ణి. అందరూ అది నా ప్రత్యేకత అనుకున్నారు. కొందరు దాన్ని ఫోటో కూడా తీసుకున్నారు.

హరితమ్మ బండికి పని చేసిన వారానికి మళ్ళీ వచ్చింది. "కొత్తగా ఏదో కూత వస్తోందండి, ఒకసారి వినండి" అంది. ఆమె పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. పక్కన కూర్చుని లింగంపల్లి దాకా పోయి వచ్చాము. దారి పొడుగునా నేను వింటున్నట్టు తల వంచి కూర్చున్నాను. నాకు ఏమీ వినపడలేదు. వచ్చాక "ఏ సౌండూ లేదమ్మా, మీ అనుమానం" అన్నాను. ఆమె నా మాట నమ్మింది. తన చెవుల్ని నమ్మలేదు. సిగ్గుపడి, సారీ చెప్పి వెళ్ళిపోయింది.

ఆ రోజే అర్థమైంది ఇక ఈ పని చేయకూడదని. చేయకూడదని నీతో చెప్పాలంటే చెవుడు అని చెప్పాలి. నా పేరే చెవి. అది లేదని చెప్పడం నా వల్ల కాలేదు.

నేను బయల్దేరిన రోజు నువ్వు షట్టర్ దగ్గర నిలబడి ఏదో అడిగావు. రోడ్డు మీద ఊరేగింపు పోతోంది. నువ్వేమన్నావో నాకు తెలియలేదు. తల ఊపాను. నీ ముఖం మారిపోయింది. బస్సు ఎక్కాక లక్ష్మీదేవిని అడిగాను. "మావోళ్ళ మాటలకు భయపడి పోతున్నవా అన్నా, నేను లేనా అన్నాడు. నువ్వు అవునన్నావు" అంది. అప్పుడే దిగి వచ్చి కాదని చెప్పాల్సింది. చెబితే ఎందుకో కూడా చెప్పాలి. ఉద్యమం పేరు నాకు అడ్డుగా నిలబడింది, నేను దాని వెనక దాక్కున్నాను. మీ ఉద్యమం మీద నాకు ఏ కోపమూ లేదు. నిజం చెప్పాలంటే మీ నినాదాలు నేను విన్నది కూడా తక్కువ.

కర్నూలులో డాక్టరుకు చూపించాను. నరం పోయిందన్నాడు. బండల ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. అక్కడ ఎవరికీ ఏమీ వినపడదు.

ఈ ఉత్తరం హరితమ్మకు చదివి వినిపించు. యాదమ్మకూ చెప్పు. పోలీసాయన తీసుకుంటే నా పేరు కూడా రాయించు.

రామాంజనేయులు

*

చందానగర్,
12 అక్టోబర్ 2011

అన్నకు,

విప్పాను. రెండు రింగులు ఉన్నాయి. పాతది వేలితో గోకితే కానీ రాలేదు, కనపడకపోవడం వింత కాదు. నేనైనా మర్చిపోయేవాణ్ణే. కానీ నేనైతే కూత వినేవాణ్ణి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి రేకుల గోడను తన్నాను. కాలు నొప్పి ఇంకా ఉంది. చెవుడుకు కాదు నా కోపం. పంతొమ్మిదేళ్ళు రోజుకు పది గంటలు పక్కపక్కన పనిచేసి, నీకు ఒక చెవి లేదని నేను కనిపెట్టలేదు. నేనేం మెకానిక్‌ని? కనిపెట్టలేదు సరే, నువ్వు చెప్పలేదు. పద్దెనిమిది నెలలు నిన్ను మావాళ్ళు పొమ్మన్నారని తలవంచుకుని తిరిగాను. శిబిరంలో ఎవరైనా "ఆంధ్రోళ్ళు" అని మొదలుపెడితే లేచి మూత్రానికని బయటికి పోయేవాణ్ణి. నాకు షుగర్ అని పేరొచ్చింది.

హరిత మేడం ఇంటికి పోయి ఉత్తరం చదివాను. చెవులు పోయాయన్న దగ్గర "అయ్యో" అంది. లింగంపల్లి దాకా పోయి వచ్చిన ముక్క దగ్గరికి వచ్చేసరికి చేత్తో ఆగమంది.

"అయితే ఆ కూత నిజంగానే వచ్చిందాండీ?"

"వచ్చింది మేడం."

"ఏడాదిన్నరగా ఏసీ ఆపి, పాటలు ఆపి వింటున్నానండి. వినపడిన ప్రతిసారీ రామాంజనేయులు గారు లేదన్నారు కదా, నాకే ఏదో అయిందనుకున్నాను. మా అమ్మతో కూడా చెప్పలేదు." మళ్ళీ అంది, "చెవుడు ఆయన తప్పు కాదండి. కానీ నన్ను అనుమానం అన్నారు చూడండి. అది మీరు చదివితే సరిపోదు. ఆయన వచ్చి చెప్పాలి. నాకే కాదు, యాదమ్మకు కూడా."

అది న్యాయమే అనిపించింది. కోపంగా అనలేదు. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

యాదమ్మకు చెబితే ఆమె ఒకటే అడిగింది: "గాయినకు బిడ్డలున్నరా?" లేరన్నాను. "అందుకే ఎవ్వలు చెప్పనీకి లేరు" అంది.

కొత్త రింగు వేసి, ఆయిల్ పోసి, నడిపాను. డి లో వేసీ వెయ్యగానే పట్టుకుంటోంది. రెండు నుంచి మూడు ఎప్పుడు మారిందో తెలియడం లేదు. కూత లేదు. తాళం ఇవ్వబోతే మేడం తీసుకోలేదు. నువ్వు వచ్చి వెళ్ళాక చూద్దామంది.

వస్తావా?

వీరేశం

*

తాడిపత్రి,
19 అక్టోబర్ 2011

వీరేశానికి,

వస్తాను. ఒక్కణ్ణే రాలేను, లక్ష్మీదేవి కూడా వస్తుంది. సమ్మె ఆగి బండ్లు సరిగ్గా తిరగడం మొదలయ్యాక టికెట్టు తీయిస్తాను.

వాళ్ళు ఏమైనా అంటే నాకు వినపడదు. వాళ్ళు తిట్టేటప్పుడు నేను అర్థం కాక నవ్వితే బాగుండదు. నువ్వు పక్కనే ఉండు.

రామాంజనేయులు

*

తాడిపత్రి,
14 నవంబర్ 2011

తమ్ముడు వీరేశానికి,

క్షేమంగా చేరాము. మీ దగ్గర ఉన్న ఆ నాలుగు రోజులూ నీకు చెప్పాల్సినవి చాలా ఉండి కూడా సరిగా మాట్లాడలేదు. నువ్వు అరిచి మాట్లాడుతుంటే రోడ్డు మీద పోయేవాళ్ళంతా ఆగి చూశారు. అందుకే మళ్ళీ ఉత్తరం. ఇదే సుఖంగా ఉంది.

నువ్వు పక్కనే ఉంటానని చెప్పి, యాదమ్మ దగ్గరికి పోయేసరికి చాయ్ తెస్తానని జారుకున్నావు. ఎందుకు పోయావో నాకు తెలుసు. అక్కడ జరిగింది చెబుతాను.

నేను చేతులు కట్టుకుని, తప్పు నాదమ్మా అని మొదలుపెట్టి ఉన్నదంతా చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో నాకు తెలియదు. ఆఫీసుల నుంచి వచ్చే పిల్లలు మక్కబుట్టలు పట్టుకుని నిలబడిపోయారు. యాదమ్మ ఏదో అంది. నాకు తెలియలేదు. లక్ష్మీదేవిని చూస్తే తల దించుకుంది. అప్పుడు హరితమ్మ సంచిలోంచి కాగితం తీసి, యాదమ్మ అన్నది అన్నట్టే రాసి ఇచ్చింది. ఒక్క అక్షరం మెత్తబరచలేదు. "చెవులు ఇనరాకుంటే బండ్లు ముట్టొద్దని తెల్వదా? నా చెయ్యి పోయింది కాబట్టి సరిపోయింది, పసిపిల్ల పోయుంటే?"

చదివి, "తెలుసమ్మా. తెలిసే ముట్టుకున్నాను" అన్నాను.

యాదమ్మ తన ఎడమ చేత్తో ఒక మక్కబుట్ట తిప్పి, కాలిన వైపు పైకి పెట్టి నాకు ఇచ్చింది. క్షమించిందో, ఆకలిగా కనపడ్డానో అడగలేదు. తిన్నాను.

హరితమ్మకు వేరే చెప్పాను. "నువ్వు విన్నది నిజం. లేదన్నది అబద్ధం" అన్నాను. ఇంతకంటే మంచి మాట దొరకలేదు. ఆమె కారు తలుపు తీసి నన్ను పక్క సీట్లో కూర్చోమని చూపించింది. నువ్వు చాయ్ తెచ్చేసరికి మేము లేకపోవడానికి కారణం ఇదే.

ఆమె స్టీరింగ్ పట్టుకుంది. డి లో వేసింది, బ్రేకు మీద నుంచి కాలు తీయడానికి భయపడింది. నేను సీటు కింద అరచెయ్యి ఆనించి చూశాను. గేరు పట్టుకున్నది చేతికి తెలిసింది. ఫర్వాలేదన్నట్టు తల ఊపాను. ఆమె ముందుకు చూసి, నన్ను నమ్మకుండా మరికాసేపు తనే విన్నది. మంచి పని చేసింది. తర్వాత వదిలింది. కొత్తగూడ దాకా పోయి తిరిగి వచ్చాము. దారిలో ఆమె మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు, నాకు చెప్పాలని కూడా మాట్లాడలేదనుకుంటాను. చివర్లో నవ్వింది.

షెడ్డుకు తిరిగి రమ్మని నువ్వు గోడ మీద చాక్‌పీస్‌తో రాశావు. అప్పుడు జవాబు ఇవ్వలేదు. ఇప్పుడు ఇస్తున్నాను. వస్తాను, కానీ బండి నడిపి చూసి చెప్పే పని నాకు వద్దు. బల్ల మీదికి దించిన గేర్‌బాక్సులు విప్పడం, కడగడం, బిగించడం చేస్తాను. నేను బిగించిన ప్రతిదాన్నీ నువ్వు ఒకసారి విప్పి చూడాలి. నీకు విసుగొచ్చినా చూడాలి. కస్టమర్లకు నాకు చెవుడని ముందే చెప్పాలి. దీనికి ఒప్పుకుంటే రాయి.

రామాంజనేయులు

*

చందానగర్,
21 నవంబర్ 2011

అన్నకు,

ఒప్పుకున్నాను. విప్పి చూడటం నాకు విసుగు కాదు, పంతొమ్మిదేళ్ళుగా నీ పనిలో తప్పు పట్టే అవకాశం కోసమే చూస్తున్నాను.

హరిత మేడం రోజూ ఆఫీసుకు పోతోంది. యాదమ్మకు కట్టు విప్పారు, వేళ్ళు ఇంకా పూర్తిగా ముడవలేకపోతోంది. డాక్టరు రెండు నెలలు పడుతుందన్నాడు. అది అట్లాగే రాస్తున్నాను, నీకు అబద్ధం చెప్పి లాభం లేదు.

నువ్వు వస్తున్నావని శిబిరంలో చెప్పాను. నన్ను అభినందించిన ఇద్దరిలో ఒకడు లేచి, "మల్ల ఎందుకొస్తుండు?" అన్నాడు. "పనికొస్తుండు" అన్నాను. తర్వాత వాడే తన ఆటో సైలెన్సర్ చూడమని తెచ్చాడు.

వదిన సామాను సర్దుకుని వచ్చే నెలాఖరుకు వస్తానని ఫోన్‌లో అంది, నువ్వు ముందే వస్తున్నావు కాబట్టి ఒక మాట. ఈసారి ఒక్కడివే ఉంటావు. సికింద్రాబాద్‌లో దిగి లింగంపల్లి బస్సు ఎక్కు, డ్రైవర్ వెనక సీట్లో కూర్చో, చందానగర్ అని కాగితం మీద రాసి కండక్టర్‌కు చూపించు. ఇక్కడ దిగాక షెడ్డు నీకు ఎదురుగానే కనపడుతుంది, కానీ రోడ్డుకు అవతల. మొన్న చూశావు కదా, ఈ రోడ్డు వెడల్పు చేశాక లారీలు ఆగడం లేదు. దిగిన చోటే నిలబడు. నన్ను చూసి చెయ్యి ఊపు, అంతే. రోడ్డు దాటొద్దు. నేనే దాటి వస్తాను.

వీరేశం